సొన్నలిగె సిద్ధరాముడు

సోలాపూర్ తూర్పు భాగంలో, సాఖర్‌పేట, పద్మశాలి చౌక్‌ల వైపు మరమగ్గాల చప్పుడు వినపడని వీధి అరుదు. చద్దర్లు, తువాళ్లు నేసే ఆ పద్మశాలీల పూర్వులు తెలంగాణ నుండి బతుకుతెరువు వెతుక్కొంటూ వచ్చినవారు. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ. సంక్రాంతికి ఆ పేటల జనం కూడా సిద్ధేశ్వరుని చెరువు వైపు నడుస్తారు. ఆ చెరువు నడుమ ఉన్నదే సిద్ధేశ్వర దేవాలయం.

సిద్ధరాముడు 12వ శతాబ్దపు శివశరణుడు, బసవేశ్వరుని సమకాలికుడు. ఆనాడు ఈ ఊరి పేరు సొన్నలిగె. అసలే వానలు తక్కువైన సీమ. సిద్ధరాముడు ఊరికోసం చెరువు తవ్వించాడు. ఊరి చుట్టూ 68 లింగాలను ప్రతిష్ఠించాడు. కన్నడంలో వచనాలు చెప్పాడు.

చెరువు పని సాగుతుండగా అల్లమప్రభువు అక్కడికి వచ్చి, ఒడ్డరాముడు ఎక్కడున్నాడని అడిగాడట. ఒడ్డరులంటే మన వడ్డెరవాళ్లే. రాతిపని, మట్టిపని చేసేవాళ్లు. తమ గురువును అంత తేలికగా పిలిచినందుకు పనివాళ్లకు కోపం వచ్చింది. రాళ్లు రువ్వారు. అల్లమప్రభువు చలించలేదు. చెరువులు తవ్వించినంత మాత్రాన నిన్ను నీవు తెలుసుకొన్నట్లేనా అన్నది ఆయన ప్రశ్న. సిద్ధరాముడు ఆ మాటకు తలవంచి, ఆయన వెంట కల్యాణానికి వెళ్లాడు. అయితే దాహంతో ఉన్న ఊరికి చెరువు చిన్న మేలా? ఆ నీళ్లు తాగినవాళ్లే చెప్పాలి. చివరికి సిద్ధరాముడు సొన్నలిగెకే తిరిగివచ్చి సమాధి పొందాడని చెబుతారు.

ఆ సమాధి గుడి ఆవరణలోనే ఉంది. మహనీయులు శాశ్వతంగా విశ్రమించిన చోటికి యాత్ర చేయడం మన దేశపు ఆచారమే కాదు. అదే 12వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు వెజ్‌లే కొండమీది చర్చికి, మగ్దలేనే మరియ అస్థులు అక్కడ ఉన్నాయన్న నమ్మకంతో, యాత్రికులు ఎంతో దూరం నడిచి వెళ్లేవారు.

సోలాపూర్ యాత్రను గడ్డా యాత్ర అంటారు. దీని వెనుక ఒక కథ ఉంది. ఒక కుమ్మరి పిల్ల సిద్ధరాముణ్ణే పెళ్లాడతానని పట్టుబట్టింది. ఆయన యోగి. కాదనలేక, తన యోగదండాన్ని పెళ్లాడమన్నాడు. ఆ పెళ్లే ఏటా జరుగుతుంది. యోగదండానికి గుర్తుగా ఏడు నందిధ్వజాలను ఊరేగిస్తారు. అవి ఇళ్ల కప్పులను మించిన పొడవాటి కర్రలు. వాటిని నిలువుగా ఎత్తి మోయడానికి బలం ఒక్కటే చాలదు, ఒడుపు కూడా కావాలి. మొదటి రోజు 68 లింగాలకు తైలాభిషేకం. మరునాడు చెరువు దగ్గరి సమ్మతి కట్ట వద్ద అక్షతల వేడుక. మరాఠీ, కన్నడం, తెలుగు మాట్లాడే జనమంతా అక్షతలు పిడికిట పట్టుకొని ఎదురుచూస్తారు. సమ్మతి మాటలు చదవడం పూర్తికాగానే అన్ని చేతులూ ఒక్కసారే లేస్తాయి.