లారీ క్యాబిన్‌లో ట్వీటరు మార్పిడి: కొన్ని భౌతికశాస్త్ర విషయాలు

సాలూరు పేరు వినగానే లారీలు జ్ఞప్తికి వస్తాయి. లారీ రవాణా, బాడీ నిర్మాణం ఈ పట్టణంలో ఎన్నో కుటుంబాలకు జీవనాధారం. ఇక్కడినుండి కోరాపుట్ వైపు ఘాటీ ఎక్కే డ్రైవరుకు రాత్రివేళ తోడుండేది పాట. అందులో తాళాల గలగల, స, శ వంటి అక్షరాల స్పష్టత తగ్గినపుడు ట్వీటరు మార్చాలని తలుస్తారు. ఆ మార్పిడిలో గమనింపవలసిన విషయాలను విద్యార్థుల ముందుంచదలచినాము.

మానవుని చెవి సుమారు 20 నుండి 20,000 హెర్ట్జ్‌ల వరకు గల ధ్వనులను గ్రహిస్తుంది. వెడల్పైన, బరువైన వూఫరు సెకనుకు అన్నివేల సార్లు చక్కగా కంపించలేదు. కావున సుమారు 3,000 హెర్ట్జ్‌లకు పైబడిన ధ్వనులను తేలికైన చిన్న ట్వీటరుకు అప్పగిస్తారు.

మొదట లోపమెక్కడున్నదో తేల్చుకోవాలి. ట్వీటరును కెపాసిటరునుండి విడదీసి మల్టీమీటరుతో కొలవాలి. 4 ఓమ్‌ల ట్వీటరు మూడు పైచిలుకు ఓమ్‌లు చూపితే తీగచుట్ట తెగలేదన్నమాట. కెపాసిటరు విడదీయకుండా కొలిస్తే మంచి ట్వీటరు కూడా తెగినట్లే కనబడుతుంది.

మార్చక తప్పనిచో పాతదాని ఓమ్‌లనే ఎన్నుకోవాలి. కారణమేమనగా, కెపాసిటరు ఎచటినుండి ధ్వనిని పంపునో ఆ ఓమ్‌లపైనే ఆధారపడి ఉన్నది. 10 మైక్రోఫారడ్‌ల కెపాసిటరు 4 ఓమ్‌ల ట్వీటరుకు సుమారు 4,000 హెర్ట్జ్‌ల వద్ద హద్దు గీస్తుంది. అదే కెపాసిటరుకు 8 ఓమ్‌ల ట్వీటరు తగిలిస్తే హద్దు 2,000కు దిగిపోతుంది. అపుడు మోయలేని మంద్రధ్వనులు చొరబడి ట్వీటరు పాడవుతుంది.

డెసిబెల్‌లలో చెప్పే సున్నితత్వం మరొకటి. 3 డెసిబెల్‌లు తక్కువైన ట్వీటరు అదే ధ్వని ఇవ్వడానికి రెట్టింపు విద్యుచ్ఛక్తి కోరుతుంది. రెండు వైపులా సమానంగా పలకాలంటే జతగా కొనడం మేలు. పట్టుగుడ్డ గుమ్మటం మృదువుగా, లోహపు గుమ్మటం కొంత చురుకుగా పలుకుతాయని సామాన్యాభిప్రాయం. కొనేముందు పరిచయమైన పాట వేయించి వినాలి.

10,000 హెర్ట్జ్‌ల ధ్వని తరంగదైర్ఘ్యం సుమారు 3.4 సెంటీమీటర్లు మాత్రమే. అట్టి తరంగాలు తిన్నగా సాగుతాయి. సీటు గుడ్డలు, పరదాలు వాటిని పీల్చివేస్తాయి. కావున ట్వీటరును కాళ్లవద్దగాక, డాష్‌బోర్డు మూలలో చెవివైపు తిప్పి అమర్చాలి.

చిన్న ఆంప్లిఫయరును శక్తికి మించి హెచ్చిస్తే తరంగపు శిఖరాలు తెగి, అదనపు ఉచ్చధ్వనులు పుట్టి ట్వీటరును కాల్చివేస్తాయి. ఆ అలవాటు మానకపోతే కొత్తదానికీ అదే గతి.

చివరి మాట ముఖ్యమైనది. నిత్యం ఇంజను మోత, పెద్దపాట వినే చెవి మొట్టమొదట 3,000 నుండి 6,000 హెర్ట్జ్‌ల ప్రాంతంలోనే శక్తి కోల్పోతుంది. 85 డెసిబెల్‌ల ధ్వనిని రోజుకు 8 గంటలకు మించి వినరాదనీ, ప్రతి 3 డెసిబెల్‌లకు ఆ కాలం సగమవుతుందనీ నిపుణుల సలహా. లోపలి చెవిలో నశించిన కేశకణాలు తిరిగి మొలవవు. డ్రైవరుకు మందంగా తోచిన పాట పక్కనున్న యువకునికి స్పష్టంగా వినబడితే లోపం ట్వీటరులో లేదు. అపుడు వెళ్లవలసినది చెవి వైద్యుని వద్దకు. ఘాటీ మలుపులో ఎదురు లారీ హారను వినవలసినది ఆ చెవులతోనే. ఇంట లారీ నడిపేవారున్న విద్యార్థులు ఈ పరీక్షను సెలవులలో చేసి చూడవలెనని మా కోరిక.