ఇంటి విద్యుత్ సామర్థ్య ధృవపత్రం: కొనేవారు, అద్దెకుండేవారు తెలిసికొనవలసిన విషయాలు

కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాలనుండి సూరత్ మరమగ్గాల పనికి తరలివెళ్ళిన చేనేత కుటుంబాలు అనేకం. లింబాయత్ వంటి పేటలలో తెలుగువారు తరాలుగా స్థిరపడి ఉన్నారు. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడ ప్రాథమిక పాఠశాలలను నడుపుచున్నది. ఈ కుటుంబాలలో కొందరు స్వగ్రామంలోని స్థలమును అమ్మి, మిగిలిన మొత్తానికి రుణం తీసికొని సూరత్‌లో చిన్న ఫ్లాటు కొనుచున్నారు. మరికొందరు గది అద్దెకు తీసికొని, మిగిలిన జీతం ఇంటికి పంపుచున్నారు.

ఇల్లు కొనేటప్పుడు దస్తావేజులు, హద్దులు, పన్ను రసీదులు అందరూ చూస్తారు. ఆ ఇల్లు నెలకు ఎంత విద్యుత్తు ఖర్చు చేయించునో అడిగేవారు అరుదు. కాని రుణవాయిదా, విద్యుత్ బిల్లు రెండును ఒకే జీతంనుండి చెల్లించవలసినవే. అందుచేత ఈ విషయమును కొంత వివరంగా తెలిసికొనుట అవసరం.

ధృవపత్రం అనగానేమి?

ఒక ఇంటిలో సుఖంగా నివసించుటకు సంవత్సరానికి ఎంత శక్తి కావలెనో లెక్కగట్టి, ఆ ఇంటికి ఒక శ్రేణిని నిర్ణయించి ఇచ్చే పత్రమే ఇంటి శక్తి సామర్థ్య ధృవపత్రం. యూరప్ దేశాలలో 2002 నాటి ఉమ్మడి ఆదేశంతో ఈ పద్ధతి వ్యాప్తి చెందినది. ఇంగ్లండులో ఇల్లు అమ్మాలన్నా, అద్దెకివ్వాలన్నా సాధారణంగా ఈ పత్రం ఉండితీరవలెను. అందులో 'ఎ' మొదలు 'జి' వరకు ఏడు శ్రేణులు ఉంటాయి. పత్రం పది సంవత్సరాలు చెల్లుతుంది. 2020 ఏప్రిల్ నుండి, కొన్ని మినహాయింపులు తప్ప, 'ఇ' కంటె తక్కువ శ్రేణి ఇంటిని అక్కడ అద్దెకిచ్చుటకు వీలులేదు. లండనులో ఇల్లు వెదకుకొనే తెలుగు యువకునికి అద్దె ఎంతో తెలియుటతోపాటు ఇంటి శ్రేణి కూడ తెలియును. సూరత్‌లో గది వెదకుకొనే తెలుగు నేతకార్మికునికి ఆ సౌకర్యం లేదు.

మన దేశంలో పరిస్థితి

మన దేశంలో 2001 నాటి ఇంధన పొదుపు చట్టం ప్రకారం 2002లో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఏర్పడినది. ఫ్రిజ్‌లు, ఏసీల మీద మనం చూచే నక్షత్రాల లేబుల్ ఈ సంస్థదే. నివాసగృహాల కొరకు 2018 డిసెంబరులో 'ఎకో నివాస్ సంహిత' మొదటి భాగమును విడుదల చేసినారు. 2019 ఫిబ్రవరిలో ఇళ్ళకు కూడ ఒకటినుండి ఐదు నక్షత్రాల లేబుల్ పథకమును ప్రారంభించినారు. పెద్ద నివాస భవనాలను కూడ నిర్మాణ నియమావళి పరిధిలోకి తెచ్చుటకు 2022 చట్ట సవరణ వీలు కల్పించినది.

ఇచట పాఠకులు ముఖ్యంగా గమనించవలసినది ఒకటున్నది. ఇళ్ళకు నక్షత్ర లేబుల్ స్వచ్ఛందమే. ఇల్లు అమ్మునపుడు గాని, అద్దెకిచ్చునపుడు గాని దీనిని తప్పక చూపవలెనను నిబంధన మన దేశంలో లేదు. లేబుల్ లేనంత మాత్రాన ఇల్లు చెడ్డదని భావించరాదు. లేబుల్ ఉన్నదని చెప్పినంత మాత్రాన నమ్మరాదు.

లేబుల్‌ను ఎట్లు చదువవలెను?

మొదటిది: ఇంటి లేబుల్ ఒక చదరపు మీటరుకు సంవత్సరానికి ఎన్ని యూనిట్లు అను లెక్కపై ఆధారపడినది. ఉదాహరణకు, 100 చదరపు మీటర్ల ఇల్లు మీటరుకు 30 యూనిట్ల చొప్పున ఏడాదికి 3,000 యూనిట్లు తీసికొనును. 45 చదరపు మీటర్ల ఇల్లు మీటరుకు 40 యూనిట్ల చొప్పున 1,800 యూనిట్లు మాత్రమే తీసికొనును. మొదటి ఇంటికి నక్షత్రాలు ఎక్కువ రావచ్చును. బిల్లు మాత్రం రెండవ ఇంటికే తక్కువ.

రెండవది: ఇంటిలోని ఏసీకి ఐదు నక్షత్రాలున్నంతలో ఇంటికి ఐదు నక్షత్రాలున్నట్లు కాదు. యంత్రము లేబుల్ వేరు, భవనము లేబుల్ వేరు.

మూడవది: ప్లానును బట్టి వేసిన అంచనా వేరు, పూర్తయిన భవనానికి లభించిన లేబుల్ వేరు. ఏది చూపుచున్నారో అడుగవలెను.

నాలుగవది: హైదరాబాదు కేంద్రంగా పనిచేయు ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్, మరియు 'గృహ' అను సంస్థ కూడ భవనాలకు శ్రేణులిస్తాయి. అవి నీరు, చెత్త, స్థలము మొదలగు అంశాలను కూడ పరిగణిస్తాయి. కావున వాటి పత్రము విద్యుత్ ఖర్చు ఒక్కదానికే కొలమానం కాదు.

లేబుల్ లేని ఇంటిని పరీక్షించుట

సూరత్‌లోని సామాన్యుని ఇంటికి లేబుల్ ఉండుట అరుదు గనుక, ఇంటిని మనమే పరీక్షించుకొనవలెను. అన్నిటికంటె ముందు చూడవలసినది పైకప్పు.

కప్పుగుండా వేడి ఎంత సులభంగా దిగుతుందో చెప్పుటకు నిపుణులు ఒక కొలత వాడుతారు. ఒక చదరపు మీటరు కప్పుకు పైన, క్రింద ఒక డిగ్రీ తేడా ఉన్నపుడు ఎన్ని వాట్ల వేడి దిగునో ఆ సంఖ్యే ఈ కొలత. ఎకో నివాస్ సంహిత ప్రకారం కప్పుకు ఇది 1.2కు మించరాదు. ఏ రక్షణ లేని ఆరంగుళాల కాంక్రీటు స్లాబుకు ఇది సుమారు 3, ఆపైన ఉంటుంది. 40 చదరపు మీటర్ల స్లాబుకు పది డిగ్రీల తేడా ఉన్నదనుకొందము. మామూలు స్లాబునుండి 3 × 40 × 10 = 1,200 వాట్ల వేడి దిగును. సంహిత ప్రకారం కట్టిన కప్పునుండి దిగునది 480 వాట్లే. అనగా మొదటి ఇంటిలోనివారు తమ తలపై ఒక విద్యుత్ హీటరు వెలిగించుకొని, దాని క్రింద ఫ్యాను త్రిప్పుకొనుచున్నట్లే.

సూరత్‌లో ఈ లెక్కకు మరింత ప్రాముఖ్యమున్నది. మరమగ్గాలు పగలు, రాత్రి పన్నెండేసి గంటల షిఫ్టులలో నడుచును. రాత్రి షిఫ్టు చేసినవాడు పగలు నిద్రించవలెను. సముద్రతీరపు ఉక్కలో, కాలిన స్లాబు క్రింద, మధ్యాహ్నం రెండు గంటలకు అతనికి నిద్రపట్టదు. నిద్రలేని కార్మికుడు మగ్గం వద్ద నిలుచుట ప్రమాదకరం. కావున ఇది బిల్లుకు మాత్రమే సంబంధించిన విషయం కాదు.

కొనేవారు చూడవలసినవి

1. ఇల్లు ఏ అంతస్తులో ఉన్నది? పై అంతస్తు అయినచో కప్పుపై ఏమి వేసినారు? గుజరాత్‌లో మేడలపై తెల్లని పింగాణీ ముక్కలు పరచు 'చైనా మొజాయిక్' పద్ధతి వాడుకలో ఉన్నది. ఇది ఎండను తిరిగి పైకి పంపును.

2. పడమటి గోడకు నీడ ఉన్నదా? కిటికీలపై సజ్జా ఉన్నదా?

3. ఎదురెదురుగా రెండు కిటికీలు తెరచుటకు వీలున్నదా? ఉక్క ఎక్కువగా ఉండు ఊళ్ళలో గాలి ప్రసారమే ప్రధానం. గాజు పెద్దదైనంత మాత్రాన చాలదు. తెరచుకొనే భాగమెంతో చూడవలెను.

4. పన్నెండు నెలల విద్యుత్ బిల్లులు అడుగవలెను. జనవరి బిల్లును, మే బిల్లును ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఆ ఇంటి వేడి ఎంతో చాలవరకు తేలిపోవును. అయితే ఇంటిలో ఎందరుండినారో, ఏసీ ఉన్నదో లేదో కూడ అడిగి పోల్చవలెను.

ఒక లెక్క చూడండి. పై అంతస్తు ఇల్లు వేసవి ఐదు నెలలు నెలకు 80 యూనిట్లు అదనంగా తీసికొనినదనుకొందము. ఏడాదికి 400 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలు చొప్పున 2,800 రూపాయలు. ఇరవై ఏండ్ల రుణకాలంలో 56,000 రూపాయలు. ధర మాట్లాడునపుడే ఈ మొత్తమును మనసులో ఉంచుకొనవలెను.

బిల్డరు కరపత్రంలో 'ఐదు నక్షత్రాల ఇల్లు' అని ముద్రించినచో ఆ కరపత్రమును భద్రపరచుకొనండి. ప్రకటనలోని అసత్యమును నమ్మి సొమ్ము చెల్లించి నష్టపోయినవారికి 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం 12వ సెక్షను పరిహారం కోరు హక్కునిచ్చినది.

అద్దెకుండేవారు చూడవలసినవి

గదికి వేరే మీటరు ఉన్నదా, లేక యజమాని సబ్‌మీటరు పెట్టి యూనిట్ల చొప్పున వసూలు చేయునా అన్నది ముందే తేల్చుకొనవలెను. చేరిన రోజు రీడింగును, యూనిట్ ధరను ఒప్పంద పత్రంలో వ్రాయించుకొనవలెను. క్రింద మగ్గాలు, పైన నివాసం ఉన్న భవనమైనచో ఇంటి వాడకము మగ్గాల మీటరుతో కలియకుండ చూచుకొనవలెను. రేకుల కప్పు గది అద్దె రెండు వందలు తక్కువైనా, ఆ రెండు వందలు ఫ్యానుకు, కూలరుకు, డాక్టరుకు పోవచ్చును.

అమ్మేవారికి, అద్దెకిచ్చేవారికి

కప్పుకు సున్నం గాని, ఎండను త్రిప్పికొట్టు తెల్లరంగు గాని వేయించి, ఏడాది బిల్లులు వరుసగా భద్రపరచిన యజమాని తన ఇంటికి తానే ఒక ధృవపత్రం తయారుచేసికొన్నట్లు. కొనేవానికి నమ్మకం కలుగును. బేరం త్వరగా కుదురును. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన చల్లని పైకప్పుల విధానం కూడ ఈ మార్గమునే సూచించుచున్నది.

రుణగ్రహీతలకు మా సూచన ఇది. ఇల్లు చూచుటకు చల్లని ఉదయం వెళ్ళవద్దు. వీలైనచో ఎండాకాలంలో మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య వెళ్ళి, ఫ్యాను ఆపివేయించి, పై అంతస్తు గదిలో పావుగంట కూర్చొనండి. పిదప బిల్లులు అడుగండి. ధర సంగతి ఆ తరువాత మాట్లాడవచ్చును.