హత్యా కథాచిత్రాలు – సంవిధానంలో లొసుగులు

కథ కల్పితమే అయినా కల్పనకు కూడా ఒక కట్టుబాటు ఉన్నది. రసభంగానికి మూలం అనౌచిత్యమేనని 9వ శతాబ్దంలోనే ఆనందవర్ధనుడు నిర్ణయించినాడు. హత్య చుట్టూ అల్లిన కథకు ఈ సూత్రం మరింత కఠినంగా వర్తిస్తుంది. ఇతర కథలలో ప్రేక్షకుడు అనుభవిస్తాడు. ఇందులో అనుభవిస్తూనే తర్కిస్తాడు. అయితే కనిపించిన ప్రతి ఖాళీనీ లోపమనరాదు. మూడు ప్రసిద్ధ ఆంగ్ల చిత్రాలను పరిశీలిస్తే ఈ భేదం స్పష్టపడుతుంది.

మొదటిది హోవర్డ్ హాక్స్ దర్శకత్వంలో 1946లో వెలువడిన ‘ది బిగ్ స్లీప్’. రేమండ్ చాండ్లర్ 1939లో వ్రాసిన నవల దీనికి మూలం. ఇందులో ఓవెన్ టేలర్ అనే కారు డ్రైవరు కారుతో సహా సముద్రంలో పడి మరణిస్తాడు. అది హత్యయా, ఆత్మహత్యయా? చిత్రీకరణ సమయంలో ఈ వివాదం తలెత్తి రచయితకే తంతి పంపగా, తనకూ తెలియలేదని చాండ్లర్ తరువాత ఒక లేఖలో చెప్పుకొన్నాడు. ఇది నిస్సందేహంగా లొసుగే. కాని కథ ఆ మరణంపై ఆధారపడి లేదు. మార్లో అనే పరిశోధకుని ధైర్యంపైనా, వాక్చాతుర్యంపైనా నడుస్తుంది. కనుక చిత్రానికి హాని కలుగలేదు.

రెండవది ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ 1958లో నిర్మించిన ‘వెర్టిగో’. ఎల్‌స్టర్ తన భార్యను చంపి గంట గోపురంపైనుండి పడవేస్తాడు. ఆమె ఆత్మహత్య చేసుకొన్నదని సాక్ష్యం చెప్పడానికి స్కాటీని వినియోగించుకొంటాడు. స్కాటీకి ఎత్తులంటే భయం. అతడు ఆనాడు ఆ భయాన్ని జయించి మెట్లెక్కి ఉంటే? పన్నాగమంతా అక్కడే కూలేది! ఈ దోషం తనను బాధించేదని హిచ్‌కాక్ స్వయంగా ఫ్రెంచి దర్శకుడు త్రుఫోతో అంగీకరించినాడు. ఈ లొసుగు పునాదిలోనే ఉన్నది. అయినా కథ ముగియడానికి చాలా ముందే రహస్యాన్ని ప్రేక్షకునికి తెలియజేసి, ‘హత్య ఎట్లు జరిగినది?’ అన్న ప్రశ్న స్థానంలో ‘ఈ ఇద్దరి గతి ఏమగును?’ అన్న ప్రశ్నను దర్శకుడు నిలిపినాడు. తర్కం ఓడినచోట కరుణ గెలిచింది.

మూడవది ఫ్రెడరిక్ నాట్ నాటకం ఆధారంగా హిచ్‌కాక్ 1954లో తీసిన ‘డయల్ ఎం ఫర్ మర్డర్’. భార్య మార్గోను చంపించడానికి టోనీ ఒక మనిషిని కుదిర్చి, ఆమె తాళంచెవిని మెట్లమీది తివాచీ క్రింద దాచుతాడు. ఆత్మరక్షణలో మార్గో కత్తెరతో పొడవగా వచ్చినవాడే చనిపోతాడు. శవం జేబులోని తాళంచెవి భార్యదేనని భ్రమించి టోనీ దానిని ఆమె చేతిసంచిలో వేస్తాడు. నిజానికి అది మృతుని ఇంటిది. తలుపు తీయగానే, లోపల అడుగిడక ముందే, అతడు మార్గో తాళంచెవిని తివాచీ క్రిందనే తిరిగి ఉంచినాడు. ఇక్కడ లొసుగు కథలో లేదు. హంతకుని ఊహలో ఉన్నది. రచయిత దానినే కథకు కీలకం చేసినాడు.

కాబట్టి విద్యార్థులు విమర్శకు పూనుకొన్నప్పుడు లొసుగును చూపి ఊరకుండరాదు. అది కథకు అంచున ఉన్నదా, పునాదిలో ఉన్నదా, పాత్ర చేసిన పొరపాటా అని విచారించవలె. ఈ వివేకం వినోదానికే పరిమితం కాదు. మార్గోకు ఉరిశిక్ష విధించిన న్యాయస్థానానికి సాక్ష్యమంతా సక్రమంగానే కనిపించింది. ఆ తాళంచెవి ఏ తలుపుకు పడుతుందో ఇన్‌స్పెక్టర్ హబ్బర్డ్ పరీక్షించినందువల్లనే ఒక నిరపరాధి ప్రాణం నిలిచింది.