సొట్టల బంతి

సొట్ట పడిన చెంబును ఎవరూ కొనరు. కొత్త చెంబు నున్నగా ఉండాలి. తళతళ మెరవాలి. కానీ ఒక వస్తువు ఉంది. దాని ఒంటినిండా సొట్టలే. సొట్టలు లేకపోతే దాన్ని ఎవరూ కొనరు. అదే గోల్ఫ్ బంతి.

గోల్ఫ్ ఆట స్కాట్లాండ్ దేశంలో పెరిగింది. పెద్ద పచ్చిక మైదానంలో ఆడతారు. పొడవాటి కర్రతో చిన్న బంతిని కొడతారు. ఎక్కడో దూరంగా నేలలో చిన్న గుంట ఉంటుంది. బంతి అందులో పడాలి. తక్కువ దెబ్బలతో వేసినవాడే గెలిచినట్టు. అందుకే బంతి ఎంత దూరం పోతే అంత మేలు.

ఈకల బంతి

పూర్వం ఈ బంతిని తోలుతో కుట్టేవారు. లోపల పక్షి ఈకలు కూరేవారు. ఈకలను ముందు ఉడకబెట్టేవారు. తడి తోలు సంచిలో వాటిని గట్టిగా కుక్కేవారు. చేతి బలం చాలక, పనిముట్టును ఛాతీకి ఆనించి నెట్టేవారు. ఆరేటప్పుడు తోలు ముడుచుకునేది. లోపల ఈకలు ఉబ్బేవి. బంతి రాయిలా గట్టిపడేది. రోజంతా కష్టపడినా ఒక మనిషి మూడు నాలుగు బంతులే చేయగలిగేవాడు. అందుకని వాటి ధర ఎక్కువ. వానలో తడిస్తే బంతి పాడైపోయేది.

చెట్టు పాల బంతి

1848 ప్రాంతంలో కొత్త బంతి వచ్చింది. మలయా అడవుల్లో ఒక చెట్టు ఉంది. దాని పాలు గడ్డకడితే గట్టాపెర్చా అంటారు. వేడి నీళ్ళలో వేస్తే అది మెత్తబడుతుంది. చల్లారితే గట్టిపడుతుంది. దాన్ని గుండ్రంగా చేస్తే బంతి అయిపోయింది. ధర తక్కువ. తడిసినా పాడుకాదు.

ఈకల బంతులు చేసేవారికి గుండెల్లో రాయి పడింది. వాళ్ళ కూడు ఆ పనిలోనే ఉంది. సెయింట్ ఆండ్రూస్ ఊళ్ళో అలెన్ రాబర్ట్‌సన్ అనే పేరున్న పనివాడు ఉండేవాడు. టామ్ మోరిస్ అతని దగ్గర పనిచేసేవాడు. మోరిస్ ఒకరోజు కొత్త బంతితో ఆడాడు. రాబర్ట్‌సన్‌కు అది నచ్చలేదు. ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. మోరిస్ పని వదిలేశాడు. 1851లో ప్రెస్ట్‌విక్ అనే ఊరు వెళ్ళిపోయాడు. చివరికి రాబర్ట్‌సన్ కూడా కొత్త బంతులే చేయాల్సి వచ్చింది.

కానీ కొత్త బంతిలో ఒక చిక్కు ఉంది. చూడ్డానికి గాజుగోలీలా నున్నగా ఉండేది. కొడితే మాత్రం కొంచెం దూరం పోయి దబ్బున పడేది. అదే బంతి నాలుగు రోజులు ఆడి దెబ్బలు తిన్నాక బాగా ఎగిరేది! ఆటగాళ్ళు ఇది గమనించారు. గీతలు పడిన పాత బంతే నయమనుకున్నారు. అప్పటినుంచి పనివాళ్ళు కొత్త బంతి మీద సుత్తితో గాట్లు పెట్టసాగారు. ఎందుకలా జరుగుతుందో ఎవరికీ తెలీదు. జరుగుతుందని మాత్రం తెలుసు.

తర్వాత అచ్చుల్లోనే గీతలు వేశారు. బుడిపెలు కూడా పెట్టి చూశారు. 1905లో ఇంగ్లండుకు చెందిన విలియం టేలర్ అనే ఇంజనీరు గుండ్రటి సొట్టల పద్ధతికి హక్కు కోరుతూ దరఖాస్తు పెట్టాడు. ఆ సొట్టలే నేటికీ నిలిచాయి.

గాలి చేసే పని

ఇంతకీ సొట్టలు ఏం చేస్తాయి?

రోడ్డు మీద బస్సు జోరుగా పోతే వెనకాల దుమ్ము సుడి తిరుగుతుంది. కాగితం ముక్కలు బస్సు వెంట పరుగెడతాయి. బస్సు వెనక గాలి ఒత్తిడి తగ్గడమే దానికి కారణం. బంతికీ ఇంతే. ముందు గాలి ఒత్తిడి ఎక్కువ. వెనక తక్కువ. అందువల్ల బంతి వేగం తగ్గుతుంది.

నున్నటి బంతిని ఆనుకుని పోయే గాలి తొందరగా నీరసిస్తుంది. సగం చుట్టు తిరిగేసరికే బంతిని వదిలేస్తుంది. వెనక పెద్ద సుడి మిగులుతుంది. పెద్ద సుడి బంతిని గట్టిగా వెనక్కి లాగుతుంది.

సొట్టలుంటే అలా కాదు. సొట్టల మీదుగా పోయే గాలి కలగాపులగం అవుతుంది. పైన జోరుగా పోయే గాలి, కింద నీరసించిన గాలితో కలుస్తుంది. కింది గాలికి బలం వస్తుంది. బంతిని ఇంకొంచెం దూరం అంటిపెట్టుకుని పోతుంది. వెనక సుడి చిన్నదవుతుంది. వెనక్కి లాగే బలం దాదాపు సగానికి తగ్గుతుంది.

ఇంకో మేలు కూడా ఉంది. కర్ర తగిలినప్పుడు బంతి వెనక్కి గిర్రున తిరుగుతూ పోతుంది. ఆ తిరుగుడు గాలిని కిందికి మళ్ళిస్తుంది. గాలి బంతిని పైకి నెడుతుంది. ఎడింబరోలో పి.జి. టెయిట్ అనే ప్రొఫెసరు 1890ల్లో ఈ తిరుగుడు సంగతి లెక్కకట్టి చెప్పాడు. సొట్టలు ఈ పనికీ సాయపడతాయి.

ఇప్పటి బంతి లావు కోడిగుడ్డు నడుమంత ఉంటుంది. బరువు 46 గ్రాములకు మించదు. మామూలుగా దాని మీద 300 నుంచి 500 దాకా సొట్టలు ఉంటాయి. సొట్ట లోతు సుమారు పావు మిల్లీమీటరు. మంచి ఆటగాడు కొడితే ఆ బంతి 200 మీటర్లు దాటుతుంది. సొట్టలు లేని బంతి దాదాపు సగం దూరంలోనే పడిపోతుంది.

పాత బంతి మేలని ముందు కనిపెట్టింది రోజూ ఆడేవాళ్ళు. గాట్లు పెట్టింది సుత్తి పట్టిన పనివాళ్ళు. కారణం చెప్పింది ఆ తర్వాత వచ్చిన శాస్త్రం. రోజూ చేసే పనిని కళ్ళు తెరిచి చూడాలి. ఎందుకలా జరుగుతోందని అడగాలి. చదువు ఆ ప్రశ్నకు జవాబు వెతికిపెడుతుంది.

చదివి చెప్పండి

1. ఈకల బంతి ధర ఎందుకు ఎక్కువ?
2. మోరిస్ పని ఎందుకు వదిలేశాడు?
3. సొట్టలుంటే బంతి వెనక సుడి ఏమవుతుంది?
4. మీ పనిలో మీరే గమనించిన ఒక సంగతి రాయండి.