మేకల కాపలాకు ఏ రైఫిల్?

చి. కిరణ్‌కు,

కొయోటీలు మేకల మీద పడుతున్నాయి, ఏ రైఫిల్ కొనమంటావని అడిగావు. .223 రెమింగ్టన్ తూటా వాడే మామూలు బోల్ట్ యాక్షన్ చాలు. సావేజ్ యాక్సిస్, రూగర్ అమెరికన్ లాంటివి అందుబాటు ధరలోనే దొరుకుతాయి. ముందు నీ పొలం కొలత చూడు. ఇరవై ఎకరాలు చదరంగా ఉందనుకున్నా ఒక్కో పక్క 310 గజాలే. నువ్వు పేల్చేది నూరు, నూటయాభై గజాల లోపే. టెక్సాస్ కొయోటీ ముప్పై, నలభై పౌన్లు తూగుతుంది. దాని కోసం అయిదొందల గజాల తుపాకీ మీద డబ్బు పోయడం దేనికి?

అయితే ఇంకా చౌకైన .22 సరిపోదా అంటావు. ఎలుకలకూ కుందేళ్లకూ అది భేషుగ్గా పనికొస్తుంది. కానీ 50 గజాలకు గురి కుదిర్చిన .22 గుండు నూరు గజాలకు చేరేసరికి ఆరేడు అంగుళాలు కిందికి దిగిపోతుంది. గుండెకు గురిపెడితే కాలికి తగులుతుంది, లేదా పొట్ట కిందుగా పోతుంది. దాని శక్తి కూడా .223లో పదో వంతే. దెబ్బతిన్న జంతువు పొదల్లో పడి రోజుల తరబడి చావడం కంటే పేల్చకపోవడమే నయం. పైగా .22లోని మెత్తటి సీసపు గుండు గట్టి నేలకు తగిలి పక్కకు ఎగిరిపోతుంది. .223లో చిన్న జంతువుల కోసం చేసిన తేలికపాటి వార్మింట్ గుండు చాలావరకు తగిలినచోటే తునకలవుతుంది. గురి తప్పి గాల్లోకి పోయిందా, మైళ్లు పోతుంది. అందుకని వెనక మట్టికట్ట లేనిచోట ట్రిగ్గర్ ముట్టుకోకు.

అడవి పందుల గుంపొస్తే వెంటవెంటనే పేల్చగల ఏఆర్-15 ఉండాల్సిందేనని నీ స్నేహితులు అంటారు. అందులో కొంత నిజముంది, బోల్ట్ లాగేలోపు రెండోది పారిపోతుంది. కానీ ఏడాదికి రెండు ఈతలు ఈనగల జంతువును తుపాకీతో తగ్గించడం అయ్యే పని కాదు. ఒకటి పడితే మిగతావి చెదిరిపోయి, రాత్రిళ్లే తిరగడం నేర్చుకుంటాయి. గుంపు మొత్తాన్ని ఒకేసారి పట్టే బోనే దానికి మందు. కొయోటీలకైనా ముందు కంచె, రాత్రిపూట దొడ్డి, మందలో ఒక గ్రేట్ పైరెనీస్ కుక్క. ఇవన్నీ దాటి వచ్చే ఒకటీ అరాకే రైఫిల్. అంత చిన్న పనికి పెద్ద ఖర్చు తగదు. మిగిలిన డబ్బు మంచి స్కోప్‌కూ సాధనకు కావలసిన తూటాలకూ పెట్టు. తూటా రకం మార్చిన ప్రతిసారీ గురి మళ్లీ చూసుకో.

నీకింకా గ్రీన్ కార్డు రాలేదు కదా. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉంటేనే మినహాయింపు. మేకల మీద పడే కొయోటీకి టెక్సాస్‌లో లైసెన్సు అక్కర్లేదు. 2019 నుంచి ప్రైవేటు భూమిలో పందులకూ అక్కర్లేదు. ఆ మాట పట్టుకుని మోసపోకు, ఆ సడలింపు వేటకే గాని నీ వీసాకు కాదు. లైసెన్సు చేతికొచ్చాకే దుకాణానికి వెళ్లు, కొనేటప్పుడు నింపే ఫారం 4473లో ఉన్నది ఉన్నట్టు రాయి. ఆ లైసెన్సు గడువు ఏటా ఆగస్టు 31తో తీరిపోతుంది. కొత్తది తీసుకోకపోతే మర్నాటి నుంచి ఇంట్లో రైఫిల్ ఉండటమే నేరమవుతుంది.

ఇట్లు,
బాబాయి