పాసుపుస్తకంలో ఎవరి పేరు?



సైన్యం, డబ్బు ఉంటే దేశం నిలకడగా ఉంటుందని అనుకుంటాము. కానీ ముందు తిండి కావాలి. తిండి భూమి నుంచి వస్తుంది. ఆ భూమిలో పని ఒకరిది, హక్కు ఇంకొకరిది అయితే ఏమవుతుందో మన అనంతపురం సీమలోనే చూడవచ్చును.

ఇక్కడ ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే వాన. అది కూడా అదునుకు పడదు. శెనక్కాయ పంట పోతే మగవాళ్లు బెంగళూరుకు కూలికి పోతారు. విత్తనాలు ఒలిచేది, కలుపు తీసేది, కాయ పెరికేది తండాలో మిగిలిన ఆడవాళ్లే. పాసుపుస్తకం మాత్రం చానా ఇండ్లలో నాయన పేరునో, తాత పేరునో ఉంటుంది. అమ్మ బ్యాంకుకు పోయి పంట అప్పు అడిగితే, పాసుపుస్తకం చూపించమంటారు. తన పేరున లేకుంటే వడ్డీవ్యాపారే దిక్కు. ఆ అప్పు తీరకపోతే ఆమె కూడా పిల్లలతో వలస పోతుంది. అప్పుడు బడి రిజిస్టరులో పేరుంటుంది, పిల్ల ఉండదు. ఇట్లా ఇల్లు కదిలితే ఊరు కదులుతుంది. ఊర్లు కదిలితే దేశం ఎట్లా నిలుస్తుంది? ఇంట్లో ఈగల మోత, బయట పల్లకి మోత అన్నట్టు అవుతుంది.

ప్రపంచమంతా ఇదే కథ. ఆడ రైతులకు భూమి, అప్పు, విత్తనం, ఎరువు మగవాళ్లతో సమానంగా దొరికితే వాళ్ల పొలాల్లో దిగుబడి 20 నుంచి 30 శాతం పెరుగుతుందనీ, ఆకలితో ఉండేవాళ్లు 10 నుంచి 15 కోట్ల మంది తగ్గవచ్చనీ ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2011లో చెప్పింది.

చట్టం ఏమంటుంది?

హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన భాగం దేశమంతటా 2005లో వచ్చింది. మన రాష్ట్రంలో పెండ్లికాని కూతుళ్లకు 1985 నుంచే ఉంది. కానీ 1956 నాటి హిందూ వారసత్వ చట్టం గిరిజనులకు వర్తించదు. మనకు ఆచారమే లెక్క. అయితే 2025 జూలై 17న సుప్రీంకోర్టు ఒక గోండు కుటుంబం కేసులో, ఆడవాళ్లకు భాగం లేదనే ఆచారం రుజువు కానప్పుడు గిరిజన స్త్రీకి భాగం ఎగ్గొట్టడం సమానత్వానికి విరుద్ధమని తీర్పు చెప్పింది.

కూతురికి ఇస్తే భూమి అత్తవారింటికి పోతుందని పెద్దలంటారు. భూమి ఎక్కడికీ పోదు, ఉన్నచోటే ఉంటుంది. పోయేది మనుషులే.

కాబట్టి అక్కలారా, చెల్లెళ్లారా, ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు పాసుపుస్తకం తెరిచి, అందులో ఎవరి పేరు ఉందో అమ్మకు చదివి వినిపించండి. మన ఇండ్లలో చదవగలిగేది మనమే కదా!

– 9వ తరగతి విద్యార్థిని