సంఘ కార్యాలయానికి ఫోను సిగ్నల్ అందకపోతే: బూస్టరు కొనేముందు తెలుసుకోవలసినవి

ఒకప్పుడు పాల బిల్లు కార్యదర్శి చేతిరాతలో తయారై, పాల లారీ వెంట యూనియన్ కార్యాలయానికి వెళ్ళేది. ఇప్పుడు సేకరణ కేంద్రంలోని యంత్రమే లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. లెక్కకట్టి సిమ్ ద్వారా పంపుతున్నది. సిగ్నల్ లేని ఊళ్ళో ఆ లెక్క యంత్రంలోనే ఉండిపోతుంది. బిల్లు ఆలస్యమవుతుంది. రెండుసార్లు ఆలస్యమైతే సభ్యుడు ప్రైవేటు వాని క్యానులో పాలు పోస్తాడు. ఈ భయంతోనే కాబోలు, ఈమధ్య తనిఖీకి వెళ్ళిన చోటల్లా కార్యదర్శులు నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "సార్, ఏ కంపెనీ బూస్టరు మంచిది?"

జవాబు ముందే చెబుతాను. ఏదీ కొనవద్దు. మన దేశంలో లైసెన్సు పొందిన టెలికం సంస్థలు తప్ప వేరే వ్యక్తి గాని, సంఘం గాని మొబైల్ సిగ్నల్ బూస్టరును కలిగి ఉండటం, అమ్మటం, వాడటం చట్టవిరుద్ధమని కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ 2022లో బహిరంగంగా తెలియజేసింది. దీనికి మూలం 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టంలోనే ఉన్నది. ఆన్‌లైనులో బాహాటంగా అమ్ముతున్నారు కదా, జి.ఎస్.టి. బిల్లు కూడా ఇస్తున్నారు కదా అంటారు. బిల్లు ఉన్నంత మాత్రాన వస్తువుకు అనుమతి వచ్చినట్లు కాదు. కొందరు సభ్యులు అమెరికాలో ఉన్న పిల్లల చేత తెప్పిస్తామంటున్నారు. అక్కడ 2014 నుండి నిర్ణీత ప్రమాణాలకు లోబడిన పెట్టెలనే, ఫోను కంపెనీ వద్ద నమోదు చేసుకుని వాడుకోవచ్చు. ఆ అనుమతి ఇక్కడ చెల్లదు.

నా అనుభవంలోని సంగతి ఒకటి చెప్పవలసి ఉన్నది. గుట్టల నడుమ ఉన్న ఒక సంఘంలో కార్యదర్శి మంచి ఉద్దేశంతోనే, పాలక వర్గ తీర్మానంతోనే బూస్టరు తెప్పించాడు. డాబా మీద ఒక యాంటెన్నా, దాని కిందనే గదిలో మరొకటి పెట్టాడు. ఆఫీసులో ఫోను గీతలు నిండిపోయాయి. అందరూ సంతోషించారు. నేను తనిఖీకి వెళ్ళినప్పుడు వోచరు చూశాను, తీర్మానం చూశాను, సంతకాలు చూశాను. వస్తువు ఏమిటని అడగలేదు. కొన్ని వారాలకు ఊరంతా మాట మధ్యలో కాల్ తెగిపోవటం మొదలైంది. ఫోను కంపెనీ వారు పరికరంతో వీధివీధీ తిరిగి, చివరకు సంఘం గుమ్మం ముందు ఆగారు. పెట్టె పోయింది, డబ్బు పోయింది. మరుసటి ఆడిట్‌లో ఆ ఖర్చు అనుమతించరాదని అభ్యంతరం రాసినవాణ్ణి నేనే. మొదటి తనిఖీలో అడిగి ఉంటే ఆ కార్యదర్శికి ఆ బాధ తప్పేది.

అలా ఎందుకు జరిగిందో తెలుసుకోవాలి. పెళ్ళి పందిట్లో మైకును పెద్ద స్పీకరు ముందుకు తెస్తే ఏమవుతుంది? చెవులు చిల్లులు పడేలా కూత పెడుతుంది. బూస్టరు రెండు యాంటెన్నాలూ ఒకదాని ధ్వని ఒకటి వింటే జరిగేది అదే. కాకపోతే ఆ కూత మన చెవికి వినబడదు, టవరుకు వినబడుతుంది. ఊళ్ళోని ఫోన్లన్నీ సన్నగా చెప్పే మాటలను టవరు విడదీసి వినాలి. ఈ కూతలో దానికి ఏమీ వినబడదు. మన గదిలో గీతలు నిండుగానే ఉంటాయి, పక్క వీధిలో ప్రసవానికి అంబులెన్సును పిలవబోయినవాని కాల్ అందదు.

మరి ఏమి చేయాలి? ముందు కొలవాలి. పాలను కంటితో చూసి వెన్న శాతం చెప్పనట్లే, గీతలు చూసి సిగ్నల్ చెప్పరాదు. ఆండ్రాయిడ్ ఫోను సెట్టింగులలో సిమ్ స్టేటస్ కింద డి.బి.ఎం. అనే అంకె ఉంటుంది. అది మైనస్‌లో ఉంటుంది. 4 జి ఫోనులో మైనస్ 85 మంచిది, మైనస్ 100 బలహీనం, మైనస్ 115 దాదాపు లేనట్లే. ప్రతి పది అంకెల తేడాకు బలం పదింతలు మారుతుందని గుర్తుంచుకోవాలి. గదిలో, గుమ్మం బయట, డాబా మీద, ఉదయం పూట, సాయంత్రం పూట, దొరికిన ప్రతి కంపెనీ సిమ్‌తోనూ వారం రోజులు చూసి నోటుబుక్కులో రాయండి. మా జిల్లాలో ఒక సంఘం ఈ పని చేసి, వేరే కంపెనీ సిమ్ గుమ్మం దగ్గర పదిహేను అంకెలు మెరుగ్గా ఉన్నదని కనుక్కున్నది. సిమ్ మార్చారు, పని అయిపోయింది. నంబరు మార్చకుండా కంపెనీ మారే సౌకర్యం 2011 నుండి దేశమంతటా ఉన్నది.

అంకె రోజంతా ఒకటే ఉండి, తెల్లవారుజామున బాగా నడిచి, సాయంత్రం మాత్రమే నత్తనడక నడిస్తే అది సిగ్నల్ లోపం కాదు. టవరు మీద రద్దీ ఎక్కువై అలా అవుతుంది. దానికి ఏ పెట్టే పనిచేయదు.

మరొక మాట. మన యంత్రం పంపే లెక్క చాలా చిన్నది. ఒక్కొక్క సభ్యునికి నంబరు, లీటర్లు, శాతం, ధర, మొత్తం కలిపి నూరు అక్షరాలనుకుంటే, 250 మందికి 25 వేల అక్షరాలు. వాట్సాప్‌లో పంపే ఒక ఫొటో కంటే తక్కువ. కనుక మనకు గొప్ప వేగం అక్కరలేదు, తెగిపోకుండా ఉంటే చాలు.

డాబా మీద సిగ్నల్ ఉండి గదిలో లేకపోతే (రేకుల కప్పు కింద తరచు ఇదే బాధ) సిమ్ వేసుకునే 4 జి రూటరు, దానికి బయటి యాంటెన్నా సరిపోతాయి. ఇది ఫోను వంటి వినియోగదారుని పరికరమే. టవరు సిగ్నల్‌ను తిరిగి ప్రసారం చేయదు కాబట్టి బూస్టరు కిందికి రాదు. అయితే యాంటెన్నా బిగించటానికి ఊళ్ళో డిష్ మెకానిక్కును పిలుస్తారు, అతడు తన దగ్గరున్న టీవీ తీగ వేస్తాడు. అక్కడే పొరపాటు. టీవీ తీగ 75 ఓములది, దీనికి కావలసినది 50 ఓములది. అదైనా సన్నని తీగ అయితే 2300 మెగాహెర్ట్జ్ దగ్గర మీటరుకు సుమారు ఒక డెసిబెల్ తినేస్తుంది. పన్నెండు డెసిబెల్ లాభం ఇచ్చే యాంటెన్నా కొని పదిహేను మీటర్ల తీగ లాగితే, లాభమంతా పోయి ఇంకా మూడు నష్టం. బాగా పితికే గేదెను కొని చిల్లు బిందెలో పితికినట్లు. అందుచేత రూటరునే పైకి, కప్పు కింద యాంటెన్నాకు దగ్గరగా పెట్టాలి. అక్కడి నుండి కిందికి కంప్యూటరు నెట్‌వర్కు తీగ వేయాలి. అది వంద మీటర్ల దాకా నష్టం లేకుండా పనిచేస్తుంది. యాంటెన్నాను టవరు వైపు తిప్పేటప్పుడు ఒకరు పైన కొద్దికొద్దిగా తిప్పుతూ, ఒకరు కింద అంకె చదువుతూ ఉండాలి. గొట్టానికి ఎర్తు తప్పనిసరి. రూటరు కరెంటు ఇన్వర్టరు నుండి ఇవ్వండి.

ఊరికి ఫైబరు వచ్చి ఉంటే ఇదీ అవసరం లేదు. భారత్‌నెట్ ద్వారా పంచాయతీ కార్యాలయం దాకా తీగ వచ్చిందేమో కనుక్కోండి. వైఫై ఉన్న గదిలో టవరు లేకపోయినా ఫోను మాట్లాడే వైఫై కాలింగ్ సౌకర్యం 2019 చివర, 2020 మొదట్లో పెద్ద కంపెనీలు ప్రవేశపెట్టాయి. ఫోను సెట్టింగులలో దానిని ఆన్ చేసుకోవాలి. చాలామంది చేయరు.

డాబా మీద కూడా ఏ సిమ్ పనిచేయని ఊళ్ళకు దారి వేరు. సిగ్నల్ లేని 24,680 గ్రామాలకు 4 జి అందించటానికి రూ. 26,316 కోట్ల పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2022 జూలైలో ఆమోదించింది. మీ గ్రామం జాబితాలో ఉన్నదో లేదో బి.ఎస్.ఎన్.ఎల్. జిల్లా కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి. ఇతర ఊళ్ళ వారు తమ కంపెనీకి ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు తీసుకోవాలి. పరిష్కారం కాకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అధికారికి అప్పీలు చేయవచ్చు. కావలసిన చోట రిపీటరు పెట్టే అధికారం ఆ కంపెనీకే ఉన్నది. ఫిర్యాదుతోపాటు వారం రోజుల అంకెల పట్టిక నకలు, పాలక వర్గ తీర్మానం నకలు జతపరచండి. ఒక నకలు సంఘం ఫైలులో ఉంచితే తనిఖీకి వచ్చినప్పుడు నేను చూస్తాను.